పికప్ ట్రక్కు కొనేముందు: డోరు తీసి చూడాల్సినవి, కిందకి దూరి చూడాల్సినవి

అమెరికాలో ఫుల్ సైజ్ పికప్ అంటే ప్రధానంగా ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, దాని తోబుట్టువు జీఎంసీ సియెర్రా 1500, రామ్ 1500, టొయోటా టండ్రా. నిస్సాన్ టైటన్ తయారీ 2024లో ఆగిపోయింది, కాబట్టి అది సెకండ్ హ్యాండ్‌లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇండియాలో తిరిగే హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ వీటికంటే ఒక సైజు చిన్నవి. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కుని, పెరటి పనికో, ట్రైలర్ లాగడానికో, ఉత్తినే మనసుపడో పికప్ వైపు చూస్తున్నవాళ్ల కోసం ఇది. మనసుపడి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. కానీ ఒకే పేరు మీద క్యాబ్, బెడ్ (వెనక సామాను వేసే తొట్టి), ఇంజన్, యాక్సిల్ (ఇరుసు) మారుతూ లెక్కలేనన్ని రకాలు అమ్ముతారు. అందుకని మోడల్ పేరు చూసి నిర్ణయానికి రాకండి. మీ ముందు నిలబడి ఉన్న ఆ ఒక్క ట్రక్కును పరీక్షించండి.

ముందు బరువు లెక్క

షోరూముకు వెళ్లకముందే ఒక కాగితం మీద ట్రక్కు మోయాల్సిన బరువంతా రాయండి. ఎక్కే మనుషులు, బెడ్‌లో వేసే సామాను, ట్రైలర్ తగిలిస్తే దాని ముక్కు హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు. ఈ చివరిదాన్నే టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ నిండు బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకంటే తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోతుంది.

ఇప్పుడు డ్రైవర్ డోరు తీయండి. డోరు మూసుకునే స్తంభం మీద పసుపు పట్టీ ఉన్న తెల్ల స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. అదే ఆ ట్రక్కు పేలోడ్. పక్కపక్కన నిలబెట్టిన రెండు ఎఫ్-150లలో కూడా ఈ అంకె కొన్ని వందల పౌండ్లు తేడా రావచ్చు. గాజు పైకప్పు, పవర్ మెట్లు, పెద్ద చక్రాలు, ఫోర్ వీల్ డ్రైవ్, ఇవన్నీ పేలోడ్‌లోంచి తినేసేవే. విచిత్రంగా ఖరీదైన ట్రిమ్ (వేరియంట్) తక్కువ మోస్తుంది. స్టిక్కరు అంటించాక డీలరు బిగించిన బెడ్ కవరు, స్టీలు మెట్ల బరువును మీరే తీసేసుకోవాలి.

ఒక ఉదాహరణ. స్టిక్కరు మీద 1,480 పౌండ్లు ఉన్న క్రూ క్యాబ్ (నాలుగు డోర్ల) ట్రక్కు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిసి 520. బ్యాగులు, కూలర్ 150. నింపాక 6,500 పౌండ్లు తూగే ట్రావెల్ ట్రైలర్‌కు 13 శాతం లెక్కన టంగ్ వెయిట్ 845. బరువు సర్దే హిచ్ 90. మొత్తం 1,605, అంటే పరిమితి దాటి 125 పౌండ్లు. ఇదే ట్రక్కు ప్రకటనలో 11,000 పౌండ్లు లాగుతుందని ఉండొచ్చు. అది అబద్ధం కాదు. లాగే శక్తి ఉంది, మోసే నడుం లేదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ట్రైలర్ బ్రోచరులో రాసిన ఖాళీ బరువును కూడా నమ్మకండి. నీళ్లు, గ్యాసు, గిన్నెలు ఎక్కాక వెయ్యి పౌండ్లు సులువుగా పెరుగుతుంది.

ట్రైలర్ లేనివాళ్లకు కూడా ఈ లెక్క కావాలి. పెరటికి మల్చ్ తెచ్చుకుంటే క్యూబిక్ యార్డు 400 నుంచి 800 పౌండ్లు తూగుతుంది, ఇబ్బంది లేదు. అదే యార్డు మట్టి అయితే 2,000 పౌండ్లు, తడిస్తే ఇంకా ఎక్కువ. మట్టి దుకాణంలో లోడర్ తొట్టి ఒక్కసారి వంపితే చాలు, హాఫ్ టన్ (ఎఫ్-150, 1500 తరగతి) ట్రక్కు వెనక్కి కూలబడుతుంది. సగం యార్డే వేయించుకోండి. బరువు మీద అనుమానం ఉంటే హైవే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూయించుకోవచ్చు. పెద్ద ఖర్చు కాదు.

గ్యారేజీ కొలత, బెడ్ కొలత

క్రూ క్యాబ్‌కు అయిదున్నర అడుగుల బెడ్ ఉన్న ఎఫ్-150 పొడవు దాదాపు 19 అడుగుల 4 అంగుళాలు. మామూలు గ్యారేజీ లోతు 20 అడుగులు. వెనక గోడకు వాటర్ హీటరో, అల్మరానో ఉంటే తలుపు మూసుకోదు. ఆరున్నర అడుగుల బెడ్ అయితే 20 అడుగులు దాటిపోతుంది. అద్దాలతో కలిపి వెడల్పు 8 అడుగుల దాకా ఉంటుంది కాబట్టి ఒంటి తలుపు గ్యారేజీలోకి అద్దాలు మడిచే తీసుకెళ్లాలి. టేపుతో కొలిచి చూసుకోండి. డ్రైవ్‌వేలో పికప్ పెట్టడానికి మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకుంటుందో లేదో నియమాల్లో చదవండి.

ప్లైవుడ్ షీటు 4 అడుగులు, 8 అడుగులు. ఫుల్ సైజ్ బెడ్‌లో చక్రాల గూళ్ల మధ్య 50 అంగుళాల పైచిలుకు ఖాళీ ఉంటుంది కనుక అది పరుపులా పడుకుంటుంది. చిన్న బెడ్‌లో టెయిల్‌గేట్ దించితే అర అడుగు మాత్రమే బయటికి వస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు షీట్లు తెచ్చుకునేవాళ్లకు దీనికోసం పొడవాటి బెడ్ అక్కర్లేదు.

యాక్సిల్ రేషియో (ఇరుసు గేర్ల నిష్పత్తి) కూడా చూడండి. 3.31 అయితే హైవే మైలేజీకి మంచిది, 3.73 అయితే బరువు లాగడానికి. ఫోర్డ్‌లో డోరు స్టిక్కరు మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది. అందులో ఎల్ అక్షరం కనిపిస్తే లాకింగ్ డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) ఉన్నట్టు. జీఎం (షెవర్లే, జీఎంసీల మాతృసంస్థ) ట్రక్కుల్లో జీ80 అనే కోడ్ లాకింగ్ డిఫరెన్షియల్‌కు, జీటీ4 అనేది 3.73 రేషియోకు. పాత జీఎం ట్రక్కుల్లో ఈ కోడ్ల పట్టిక గ్లవ్ బాక్సులో అంటించి ఉంటుంది.

ఏ ఇంజన్‌కు ఏ జబ్బు

పాత ట్రక్కు చూడబోయేముందు ఆ సంవత్సరం ఇంజన్ చరిత్ర తెలిసి ఉండాలి. ముఖ్యమైనవి ఇవి.

ఫోర్డ్: 2004 నుంచి 2010 దాకా వచ్చిన 5.4 లీటర్ మూడు వాల్వుల ట్రైటన్‌ను దూరంగా పెట్టండి. క్యామ్ ఫేజర్లు (వాల్వుల టైమింగ్ మార్చే భాగాలు) అరుగుతాయి, 2008 దాకా వచ్చినవాటిలో స్పార్క్ ప్లగ్గులు తీస్తుంటే సిలిండర్ హెడ్‌లోనే విరిగిపోతాయి. 3.5 ఎకోబూస్ట్ (ఫోర్డ్ టర్బో ఇంజన్)లో 2011-16 మధ్యవాటికి టైమింగ్ చైన్ సాగుతుంది. 2017-20 మధ్యవాటికి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు గరగరమనే క్యామ్ ఫేజర్ శబ్దం వస్తుంది. మరమ్మతు అయిందంటే బిల్లు చూపించమనండి. 2018-20 5.0 వీ8 కొన్ని ఆయిల్ తాగుతాయి. 2021-22 2.7 ఎకోబూస్ట్‌లో కొన్నింటికి ఇన్‌టేక్ వాల్వు విరిగే ప్రమాదం ఉందని 2024లో రీకాల్ వచ్చింది. 2017 నుంచి వస్తున్న 10 గేర్ల ఆటోమేటిక్ కొన్నిట్లో తక్కువ గేర్ల మధ్య తన్నినట్టు మారుతుంది.

జీఎం: 5.3 వీ8 మొత్తం మీద గట్టి ఇంజనే. కానీ పెట్రోలు ఆదా కోసం కొన్ని సిలిండర్లు ఆపేసే ఏర్పాటు వల్ల లిఫ్టర్లు (వాల్వులను ఎత్తే భాగాలు) పాడవుతాయి. టిక్ టిక్ శబ్దం, మిస్‌ఫైర్ ఉంటే బేరమాడకుండా వచ్చేయండి. లిఫ్టరుతో పాటు క్యామ్ షాఫ్ట్ కూడా పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. 2021-24 మధ్య 6.2 వీ8కు 2025 ఏప్రిల్‌లో పెద్ద రీకాల్ వచ్చింది. క్రాంక్ షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ లోపాల కారణంగా అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లు ఇందులోకి వచ్చాయి. తనిఖీలో పాసైనవాటికి 0డబ్ల్యూ-20 బదులు చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి, ఆయిల్ మూత కూడా మార్చారు. మీరు చూసే 6.2కి ఆ కొత్త మూత ఉందా, డీలరు రికార్డు ఉందా అడగండి. 2015-19 మధ్య 8 గేర్ల ట్రాన్స్‌మిషన్‌లో వణుకు ఉంటుంది. కొత్త రకం ద్రవం మార్పించాక చాలావాటికి తగ్గింది.

రామ్: 5.7 హెమీ అనే వీ8లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టులు, ముఖ్యంగా వెనక చివరివి, విరుగుతాయి. చల్లగా ఉన్నప్పుడు టిక్ మని, వేడెక్కాక పోతే బహుశా అదే. భరించగలిగిన ఖర్చు. వేడెక్కినా టిక్ పోకపోతే లిఫ్టర్, క్యామ్ అనుకోవాలి. 2025 మోడల్‌లో హెమీ తీసేసి 3.0 ట్విన్ టర్బో ఇచ్చారు, 2026కి హెమీ మళ్లీ వచ్చింది. 2019లో కొత్త తరం వచ్చాక కూడా పాత బాడీని క్లాసిక్ పేరుతో 2024 దాకా అమ్మారు. 2022 రామ్ చవగ్గా దొరికిందని సంబరపడేముందు అది క్లాసిక్కా కాదా చూడండి.

టండ్రా: 2007-21 మధ్య 5.7 వీ8 పెట్రోలు విపరీతంగా తాగుతుంది, కానీ చావదు. అందుకే పాతవాటికి కూడా రేటు దిగదు. 2022-23 ట్విన్ టర్బో వీ6లో తయారీ రజను మిగిలిపోయి బేరింగులు దెబ్బతింటాయని 2024లో లక్ష పైచిలుకు బండ్లకు రీకాల్ వచ్చింది.

కదలకముందే కాగితాలు

ప్రయాణం కట్టేముందు అమ్మేవాళ్లను విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) అడగండి. ఇవ్వడానికి నసిగితే ఆ బండి వద్దు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ) వెబ్‌సైట్లో ఇంకా చేయించని రీకాల్స్, ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్సు మోసాలను పట్టే సంస్థ) విన్‌చెక్‌లో దొంగబండా, సాల్వేజా (ఇన్సూరెన్సు కంపెనీ నష్టం కింద రాసేసినదా) అన్నది ఉచితంగా తెలుస్తాయి. కార్‌ఫ్యాక్స్ (బండి చరిత్ర నివేదిక) డబ్బు పెట్టి తీయించుకున్నా అందులో లేనిది జరగలేదని అర్థం కాదు. ఇన్సూరెన్సుకు చెప్పకుండా బాగుచేయించిన ప్రమాదాలు అందులోకి ఎక్కవు. 2017 హార్వీ, 2022 ఇయాన్ తుఫాన్ల తర్వాత మునిగిన బండ్లు ఇతర రాష్ట్రాలకు చేరాయి. టైటిల్ (యాజమాన్య పత్రం) ఏ రాష్ట్రం నుంచి ఏ రాష్ట్రానికి మారిందో వరసగా చదవండి.

ఇంజన్ వేడి చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో శబ్దాన్ని దాచుతున్నారేమో అనుకుని, ఇంకోరోజు వస్తానని చెప్పండి. కొనే తొందర అమ్మేవాళ్లకే ఉండనివ్వండి.

కిందకి దూరండి

పాత బట్టలు, టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, న్యూయార్క్ లాంటి చోట్ల చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఫ్రేమ్‌ను తినేది అదే. క్యాబ్ వెనక ఫ్రేమ్ వంగే చోటు, వెనక కమాన్ పట్టీలు తగిలే బ్రాకెట్లు, స్పేర్ టైరు పైభాగం, ఈ మూడు చోట్లా స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, పెచ్చులూడుతుంది. పైపైన ఎర్రటి పొడి ఉంటే భయం లేదు. పాత బండికి కింద నిగనిగలాడే కొత్త నల్లరంగు ఉంటే మాత్రం అనుమానించండి. బ్రేకు గొట్టాలను వేలితో తడిమి, ఉబ్బెత్తుగా ఉన్నాయేమో చూడండి.

బాడీకి పుట్టీ పెట్టారా అని అయస్కాంతంతో చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. 2015 నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం. అయస్కాంతం ఎక్కడా అంటదు. 2019 నుంచి సిల్వరాడో, సియెర్రాల బానెట్, డోర్లు, టెయిల్‌గేట్ కూడా అంతే. వీటికి ప్యానెళ్ల మధ్య సందులు సమానంగా ఉన్నాయా, బానెట్ బోల్టుల రంగు రేగిందా అన్నవి చూడాలి.

ట్రక్కు ఎంత మోసిందో దాని ఒళ్లే చెబుతుంది. బెడ్ మధ్యలో పెద్ద రంధ్రమో, నాలుగు బోల్టు రంధ్రాలో ఉంటే గూస్‌నెక్, ఫిఫ్త్ వీల్ అనే, బెడ్‌లోనే తగిలించే బరువైన ట్రైలర్లు లాగినట్టు. హిచ్ గొట్టం లోపల రాపిడికి మెరిసిపోయి ఉంటే విరివిగా వాడారు. స్టీరింగ్ కింద ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ తీసేసిన రంధ్రాలు, కమాన్ పట్టీల మీద గాలి సంచులు, బెడ్ అంచుల్లో టూల్ బాక్సు బోల్టు గుర్తులు కూడా అలాంటివే. లిఫ్ట్ కిట్ వేసి ఎత్తు పెంచిన పాత ట్రక్కును మొదటి పికప్‌గా కొనవద్దు. బాల్ జాయింట్లు, సీవీ యాక్సిల్స్ వంకర కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి.

టైర్ల పక్క గోడ మీద డీఓటీ కోడ్ చివరి నాలుగంకెలు తయారీ తేదీ. 3521 అంటే 2021లో 35వ వారం. ఆరేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా మార్పించే ఖర్చు బేరంలో పెట్టండి. నాలుగు టైర్లకు వెయ్యి డాలర్ల పైమాటే. టెక్సస్‌లో మామూలు బండ్లకు 2025 జనవరి నుంచి సేఫ్టీ తనిఖీ తీసేశారు. బ్రేకులు, టైర్లు, లైట్లు మీకోసం ఇంకెవరూ చూసి ఉండరు.

గంటలు, మైళ్లు, స్కానర్

ఓడోమీటరు ఒక్కటే చాలదు. చాలా పికప్‌లలో మీటరు మెనూలో ఇంజన్ గంటలు కనిపిస్తాయి. మైళ్లను గంటలతో భాగించండి. 90,000 మైళ్లకు 2,700 గంటలైతే సగటు 33, హైవే మీద తిరిగిన బండి. అదే 90,000కి 6,000 గంటలైతే సగటు 15. పని స్థలంలో ఏసీ వేసుకుని గంటల తరబడి నిలబెట్టి ఉంచిన ట్రక్కు అన్నమాట. ఆ ఇంజన్ అరుగుదల మైళ్లలో కనిపించదు. తెల్లరంగు, బేస్ ట్రిమ్ కంపెనీ ట్రక్కుల్లో ఇది తప్పకుండా చూడాలి.

చవకరకం ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) తగిలించి, కోడ్లతో పాటు రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను పరీక్షించుకున్న ఫలితాలు) చూడండి. కోడ్ ఏదీ లేకుండా, మానిటర్లు చాలావరకు అసంపూర్తిగా ఉంటే మీరు రావడానికి కాస్త ముందే చెక్ ఇంజన్ లైటు చెరిపేశారని లెక్క. కొత్త బ్యాటరీ వేశామంటారు. నిజమే కావచ్చు, రెండొందల మైళ్లు తిప్పాక మళ్లీ చూస్తామనండి.

నడిపి చూడటం

స్టార్ట్ చేసేటప్పుడు ఆడియో, ఏసీ ఆపి, కిటికీ దించి వినండి. రివర్స్ వేయగానే రెండు సెకన్లు ఆలస్యమైతే ట్రాన్స్‌మిషన్ బాగోలేదు. 30 నుంచి 60 మైళ్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచండి. గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు సన్నటి వణుకు వస్తే టార్క్ కన్వర్టర్ సమస్య. తర్వాత ఒకసారి గట్టిగా తొక్కి, హైవేలో 70 దాకా వెళ్లి, బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ కొట్టుకుంటోందా చూడండి.

ఫోర్ వీల్ డ్రైవ్‌ను మట్టి, కంకర ఉన్న చోటే పరీక్షించండి. పార్ట్ టైమ్ ఫోర్ హైలో తారురోడ్డు మీద మలుపు తిరిగితే ముందు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి పట్టి లాగి గేర్లకు దెబ్బ. ‘ఫోర్ లో’ గేరు కూడా వేయండి. చాలామంది ఓనర్లు ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోరు కాబట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ఎఫ్-150లో టూ వీల్ డ్రైవ్‌లో ఉన్నప్పుడు ముందు చక్రాల నుంచి కీచుమనే రాపిడి శబ్దం వస్తే వాక్యూమ్‌తో నడిచే హబ్ సరిగా వదలడం లేదు.

ఇవన్నీ దాటిన ట్రక్కును డీలరుతో సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీదకు ఎక్కించండి. 150 నుంచి 250 డాలర్లు అడుగుతారు. ఇచ్చేయండి.

కొత్తదైతే

కొత్త ట్రక్కుకు గాజు మీద కంపెనీ ధరల స్టిక్కరు ఉంటుంది. దాని పక్కన డీలరు సొంతంగా అంటించేది వేరు. టైర్లలో నైట్రోజన్, పెయింట్ ప్రొటెక్షన్, దొంగతనం జరగకుండా వేసే గుర్తులు అంటూ వేలల్లో కలుపుతారు. అవి వద్దనండి. నెలవాయిదా ఎంత అన్న మాట ఎత్తకుండా, పన్ను, ఫీజులు అన్నీ కలిపిన అవుట్ ది డోర్ ధర రాతపూర్వకంగా మెయిల్‌లో తెప్పించుకోండి. ముగ్గురు డీలర్లకు ఒకే స్పెక్ పంపితే తేడా తెలిసిపోతుంది.

2025 నుంచి 2028 దాకా, అమెరికాలో ఫైనల్ అసెంబ్లీ అయిన కొత్త బండి సొంత వాడకానికి తీసుకుంటే, లోను వడ్డీలో ఏటా 10,000 డాలర్ల దాకా ఫెడరల్ ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2 లక్షల డాలర్లు దాటినప్పటి నుంచి ఇది కరుగుతూ, రెండున్నర లక్షలకు పూర్తిగా పోతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికి చాలాసార్లు దక్కదు, ముందే లెక్క చూసుకోండి. విన్ మొదటి అంకె 1, 4, 5 అయితే అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో. ఎఫ్-150, టండ్రా ఇక్కడే తయారవుతాయి. సిల్వరాడో మాత్రం ఇక్కడే కాక మెక్సికో, కెనడాల్లోనూ తయారవుతుంది, ఒకే లాట్‌లో వేర్వేరు దేశాలవి ఉండొచ్చు.

పెట్రోలు సంగతి కూడా అడగండి. 6.2కి ప్రీమియం, హెమీకి 89 ఆక్టేన్ సిఫారసు చేస్తారు, 5.3, ఎకోబూస్ట్‌లు రోజువారీకి 87తో నడుస్తాయి.

సంతకాలు

వ్యక్తి దగ్గర కొంటుంటే టైటిల్ మీద పేరు, అమ్మేవాళ్ల లైసెన్సు మీద పేరు ఒకటేనా చూడండి. లోను మిగిలి ఉంటే డబ్బు ఆ బ్యాంకులోనే కట్టండి. టెక్సస్‌లో అయితే ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి టైటిల్ మార్చే 130-యూ ఫారం అక్కడికక్కడే నింపడం మేలు. ధర తక్కువ రాసుకుందామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. తప్పు సరే, లాభం కూడా లేదు. 6.25 శాతం పన్నును మీరు రాసిన ధర మీద గానీ, ప్రభుత్వం లెక్కగట్టిన విలువలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు.

బండి ఇంటికొచ్చిన వారంలో ఇంజన్ ఆయిల్‌తో పాటు ముందు, వెనక డిఫరెన్షియల్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిళ్లు మార్పించండి. పాత ఓనరు మార్చానని చెప్పినా బిల్లు లేకపోతే మార్చనట్టే. బయటికొచ్చిన డిఫరెన్షియల్ ఆయిల్‌ను చూపించమని మెకానిక్‌ను అడగండి. డ్రెయిన్ అయస్కాంతానికి బూడిదరంగు మడ్డి అంటుకుని ఉంటే మామూలే, గోరుకు తగిలే ఇనుప ముక్కలు కనిపిస్తే ఆ యాక్సిల్‌ను విప్పించి చూసేదాకా ట్రైలర్ తగిలించకండి.